ఫోటోల ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే: ఎక్కడ వెతకాలి, దేన్ని ముట్టుకోకూడదు

విండోస్ కంప్యూటర్‌లో పిక్చర్స్ ఫోల్డర్ తెరిస్తే ఖాళీగా కనిపిస్తుంది. నిన్నటిదాకా పదేళ్ళ ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఆ కంగారులో మొదట చేసే పనే చాలాసార్లు అసలు నష్టం తెస్తుంది. ఏదో రికవరీ సాఫ్ట్‌వేర్ దించుకుని అదే డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేయడం, డిస్కు తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడపడం, దగ్గర్లోని షాపుకు తీసుకెళ్ళి విండోస్ మళ్ళీ వేయించడం: ఈ మూడూ డిస్కు మీద కొత్తగా ఏదో ఒకటి రాస్తాయి. అప్పటిదాకా పదిలంగా ఉన్న ఫైళ్ళ మీద కూడా రాయవచ్చు.

ఇంట్లో మనిషి ఉన్నా ఓటర్ల జాబితాలో పేరు గల్లంతవుతుంది. ఫోటోల విషయంలోనూ ఎక్కువగా జరిగేది ఇదే. ఫైలు వేరు, ఆ ఫైలు ఉన్న చిరునామా వేరు, దాన్ని తెర మీద చూపించే జాబితా వేరు. ఫోటోల యాప్‌లు, థంబ్‌నెయిళ్ళు (ఫోటోల చిన్న బొమ్మలు), ఆల్బమ్‌లు అన్నీ జాబితాలే. ఈ మూడింటిలో ఏది చెడిందో తేలకుండా ఏ బటనూ నొక్కకూడదు.

తేల్చుకోవడానికి అర నిమిషం చాలు. దిస్ పీసీ తెరిచి డ్రైవ్‌లో ఖాళీ ఎంత ఉందో చూడాలి. 80 జీబీ ఫోటోలు నిజంగా చెరిగిపోతే ఖాళీ కూడా ఆ మేరకు ఒక్కసారిగా పెరగాలి. అంకె ఇంచుమించు పాతదే అయితే ఫోటోలు ఆ డ్రైవ్‌లోనే మరోచోట ఉన్నాయని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. విండిర్‌స్టాట్ లాంటి ఉచిత సాధనం డ్రైవ్‌లో ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో రంగుల గడుల్లో చూపిస్తుంది. దాన్ని కూడా పెన్‌డ్రైవ్ నుంచి నడపడం మేలు. ఖాళీ నిజంగానే పెరిగి ఉంటే అది వేరే దారి, దాని సంగతి ‘ఫైలే చెడినప్పుడు’ అన్న భాగం చివర్లో.

వన్‌డ్రైవ్ మార్చిన చిరునామా

ఇప్పటి విండోస్‌లో ఎక్కువ గందరగోళం ఇక్కడి నుంచే వస్తుంది. మామూలుగా పిక్చర్స్ ఫోల్డర్ సీ డ్రైవ్‌లో యూజర్స్ లోపల, ఖాతా పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటుంది. వన్‌డ్రైవ్ అంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఇంటర్నెట్ నిల్వ. దాని బ్యాకప్ ఆన్ అయిన క్షణం నుంచి అదే పేరున్న ఫోల్డర్ వన్‌డ్రైవ్ ఫోల్డర్ కిందికి చేరుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టేటప్పుడు తొందరలో నెక్స్ట్ నొక్కుకుంటూ పోతే ఈ బ్యాకప్ ఆన్ అయిపోయిన సంగతి కూడా తెలియదు. ఎడమ పక్క పట్టీలో పేరు పిక్చర్స్ అనే ఉంటుంది, దాని వెనక చిరునామా మాత్రం మారిపోతుంది. పాత చిరునామాను గుర్తుపెట్టుకున్న ప్రోగ్రాములు, డెస్క్‌టాప్ షార్ట్‌కట్లు ఇంకా పాత చోటే వెతుకుతాయి.

ఉచిత వన్‌డ్రైవ్ ఖాతాకు దక్కేది 5 జీబీ. ఒక పెళ్ళి ఫోటోలకే అది చాలదు. నిండగానే సింక్, అంటే ఫైళ్ళు ఇంటర్నెట్‌కు చేరడం, ఆగిపోతుంది, ఎర్ర గుర్తులు మొదలవుతాయి. విసుగెత్తి బ్యాకప్ ఆపేస్తే పిక్చర్స్ పేరు పాత చిరునామాకు తిరిగి వస్తుంది, ఫోటోలు మాత్రం వన్‌డ్రైవ్ కింద ఉన్న ఫోల్డర్‌లోనే ఉండిపోవచ్చు. కొత్త వెర్షన్లు ఎక్కడ ఉంచాలో అడుగుతాయి, పాతవి అడగవు. ఖాళీ ఫోల్డర్‌లో నా ఫైళ్ళు ఎక్కడున్నాయి అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ షార్ట్‌కట్ ఒకటి కనిపిస్తే కథ ఇదేనని అర్థం. వన్‌డ్రైవ్ ఫోల్డర్ తెరిచి, అక్కడి పిక్చర్స్‌లో ఉన్నవన్నీ కొత్త చోటికి కాపీ చేయాలి. కట్ చేయకూడదు. కాపీ పూర్తయి, లెక్క సరిపోయాకే పాతవాటి జోలికి వెళ్ళాలి.

కాపీకి ముందు ఫైళ్ళ పక్కన ఉన్న గుర్తులు చూడాలి. నీలి మేఘం ఉంటే ఆ ఫోటో కంప్యూటర్‌లో లేదు, ఇంటర్నెట్‌లో మాత్రమే ఉంది. తెల్ల వృత్తంలో ఆకుపచ్చ టిక్ ఉంటే ఇప్పటికి కంప్యూటర్‌లోనూ ఉంది, చోటు చాలకపోతే విండోస్ దాన్ని తీసేయవచ్చు. నిండుగా ఆకుపచ్చ రంగు నింపిన వృత్తం ఉంటే ఎప్పటికీ ఇక్కడే ఉంటుంది. మేఘం గుర్తు ఉన్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఈ కంప్యూటర్‌లో ఎల్లప్పుడూ ఉంచు అనే ఎంపిక నొక్కి, డౌన్‌లోడ్ అంతా పూర్తయ్యాకే తరలించడం మొదలుపెట్టాలి.

చోటు కోసం వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోంచి ఫోటోలు డిలీట్ చేస్తే ఇంటర్నెట్‌లోనూ, అదే ఖాతా ఉన్న మిగతా కంప్యూటర్లలోనూ పోతాయి. చోటు మాత్రమే కావాలంటే నొక్కాల్సింది ఫ్రీ అప్ స్పేస్. పొరపాటున డిలీట్ చేసేసి ఉంటే వన్‌డ్రైవ్ వెబ్‌సైట్‌లోని రీసైకిల్ బిన్ చూడాలి. వ్యక్తిగత ఖాతాల్లో అక్కడ 30 రోజులు ఉంటాయి.

చిరునామా తప్పే ఇతర దారులు

సీ డ్రైవ్ నిండిందని పిక్చర్స్‌ను డీ డ్రైవ్‌కు మార్చడం మంచి పనే. ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ ఉన్నదే అందుకు. కాకపోతే ముందుగా డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి దాన్ని చూపించాలి. డ్రైవ్‌నే నేరుగా చూపిస్తే మొత్తం డీ డ్రైవే పిక్చర్స్ అయి కూర్చుంటుంది. వెనక్కి తిప్పబోతే ఆ డ్రైవ్‌లోని సమస్తాన్నీ సీ డ్రైవ్‌కు తరలించాలా అని విండోస్ అడుగుతుంది. అప్పుడు తరలించవద్దనే చెప్పాలి, చిరునామా ఒక్కటే రీస్టోర్ డిఫాల్ట్‌తో మార్చుకోవాలి.

లాగిన్ కాగానే డెస్క్‌టాప్ కొత్త కంప్యూటర్‌లా ఉండి, వాల్‌పేపర్ కూడా మారిపోయి, ఖాతాలోకి సైన్ ఇన్ కాలేకపోయామన్న సందేశం వస్తే అది తాత్కాలిక ప్రొఫైల్ (ఖాతాకు చెందిన ఫోల్డర్లు, సెట్టింగులు కలిపి ప్రొఫైల్ అంటారు). అసలు ప్రొఫైల్ యూజర్స్ ఫోల్డర్‌లో అలాగే ఉంటుంది. ఈ తాత్కాలిక డెస్క్‌టాప్ మీద ఏమీ దాచకూడదు, సైన్ అవుట్ కాగానే అది తుడిచిపెట్టుకుపోతుంది. ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేస్తే కొన్నిసార్లు సర్దుకుంటుంది. లేదంటే కొత్త ఖాతా తెరిచి పాత ప్రొఫైల్‌లోని ఫోటోలు అందులోకి కాపీ చేసుకోవడం, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో వేలు పెట్టడం కంటే సురక్షితం.

పాత కంప్యూటర్‌లోని హార్డ్‌డిస్క్‌ను కొత్తదానికి తగిలిస్తే అనుమతి లేదని వచ్చే సందేశం వేరు. ఆ ఫైళ్ళ యజమాని పాత విండోస్‌లోని ఖాతా కాబట్టి అలా వస్తుంది. కంటిన్యూ నొక్కి ఓపిక పడితే చాలు. వేల ఫైళ్ళకు హక్కులు మార్చాలి గనుక చాలాసేపు పట్టవచ్చు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ పక్కన కనిపించే నల్ల చదరానికి దీనితో సంబంధం లేదు. ఫోల్డర్‌కు అది అసలు తాళమే కాదు. దాన్ని తీసేయాలని గంటల తరబడి కుస్తీ పట్టడం వృథా.

జిరాక్స్ షాపులోనో ఇంటర్నెట్ సెంటర్‌లోనో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారితే అది పాత రకం వైరస్. ఫైళ్ళను దాచిపెడుతుంది, సాధారణంగా చెరపదు. షార్ట్‌కట్ల మీద మాత్రం డబుల్ క్లిక్ చేయకూడదు. ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్ళు చూపించమని చెప్పి, దాని కిందే ఉన్న సిస్టమ్ ఫైళ్ళను దాచే టిక్ కూడా తీసేయాలి. రెండో టిక్ తీయకపోవడం వల్లే చాలామందికి ఏమీ కనిపించదు. కొన్ని రకాలు అన్నింటినీ పేరే లేనట్టు కనిపించే ఒక ఫోల్డర్‌లోకి తోసేస్తాయి, దాని పేరు ఒక ఖాళీ అక్షరం. ఫోటోలు బయటికి తీసుకున్నాక పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయడమే శుభ్రం.

ఎక్స్‌టర్నల్ డిస్క్ నిన్న ఈ, ఇవాళ ఎఫ్ అక్షరంతో కనిపిస్తే లైట్‌రూమ్ లాంటి కేటలాగ్ ప్రోగ్రాములు ఫోల్డర్ల మీద ప్రశ్నార్థకాలు పెడతాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత అక్షరం తిరిగి ఇస్తే సరిపోతుంది. కంగారుపడి ఆ ఫోల్డర్లను కేటలాగ్‌లోంచి తీసేసి మళ్ళీ చేరిస్తే ఆల్బమ్‌లు, రేటింగ్‌లు, ఎడిట్లు పోవచ్చు.

జాబితా చెడినప్పుడు

ఫైలు ఉంది, తెరిస్తే తెరుచుకుంటుంది, బయట మాత్రం బొమ్మ బదులు ఐకాన్ కనిపిస్తుంది. ముందు ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్ మొదటి వరుస చూడాలి. ఎప్పుడూ ఐకాన్లే చూపించు అన్న టిక్ ఉంటే తీసేయాలి. అది సరిగానే ఉంటే డిస్క్ క్లీనప్‌లో థంబ్‌నెయిల్స్ ఒక్కటే టిక్ చేసి చెరిపేయాలి. ఫోటోలకు ఏమీ కాదు, బొమ్మల నిల్వ మళ్ళీ తయారవుతుంది. అదే జాబితాలో కొన్ని వెర్షన్లలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది. దాని మీద టిక్ పడితే అక్కడ దాచుకున్న ఫోటోలు నిజంగానే పోతాయి.

ఐఫోన్ ఫోటోలకు మాత్రమే ఈ ఇబ్బంది వస్తే అవి హెచ్‌ఈఐసీ రకం ఫైళ్ళు. 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్లు ఈ రకానికి మారాయి. వాటిని విండోస్‌లో చూడటానికి మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికే హెచ్‌ఈఐఎఫ్ ఎక్స్‌టెన్షన్ ఉచితం, దానికి తోడుగా కావలసిన హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్‌కు కొద్దిపాటి డబ్బు కట్టాలి. ఐఫోన్ నుంచి కేబుల్‌తో కాపీ చేస్తుంటే మధ్యలో పరికరం పనిచేయడం లేదని ఎర్రర్ రావడానికి కారణం కేబుల్ కాకపోవచ్చు. ఫోన్ ఆ ఫైళ్ళను అప్పటికప్పుడు జేపీజీగా మార్చి పంపబోయి తడబడుతోంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఫోటోస్ కింద, కంప్యూటర్‌కు పంపే పద్ధతిని ఆటోమేటిక్ నుంచి కీప్ ఒరిజినల్స్‌కు మారిస్తే సాఫీగా సాగుతుంది.

పికాసా అనే ఫోటోల ప్రోగ్రాము వాడిన ఇళ్ళు ఇంకా చాలానే ఉన్నాయి. గూగుల్ దాన్ని 2016లో ఆపేసింది. అందులో సరిచేసి సేవ్ చేసిన ఫోటోల అసలు ప్రతులు ప్రతి ఫోల్డర్‌లోనూ దాచిన పికాసాఒరిజినల్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, ముఖాల పేర్లు పికాసా ఐఎన్‌ఐ అనే చిన్న ఫైల్‌లో ఉంటాయి. దాచిన ఫైళ్ళు కనిపించకుండా ఫోటోలను మాత్రమే ఎంచుకుని కొత్త డిస్కుకు మార్చినవాళ్ళు ఈ రెండూ పోగొట్టుకున్నారు. ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేస్తే రెండూ వెంట వస్తాయి.

తేదీలు కలగాపులగం అయితే

ఇది అన్నింటికంటే చిక్కుముడి. ఒక ఫోటోకు కనీసం మూడు తేదీలు ఉంటాయి. డేట్ క్రియేటెడ్ అంటే ఈ డిస్కులో ఈ ఫైలు పుట్టిన రోజు. కొత్త డిస్కుకు కాపీ చేయగానే అది ఇవాళ్టి తేదీ అవుతుంది. డేట్ మాడిఫైడ్ కాపీలో మారదు, ఫోటోను అటూ ఇటూ తిప్పి సేవ్ చేస్తే మారుతుంది. తీసిన అసలు సమయం ఫోటో లోపల ఎగ్జిఫ్ అనే భాగంలో ఉంటుంది, విండోస్‌లో దాని పేరు డేట్ టేకెన్. ఫోల్డర్‌లో వరుస తప్పితే పై పట్టీ మీద రైట్ క్లిక్ చేసి ఆ కాలమ్ తెచ్చుకుని దాన్నిబట్టే అమర్చాలి. వేల ఫోటోల ఫోల్డర్ తెరుచుకోవడానికి నిమిషాలు పట్టడానికి కారణం కూడా ఇదే, ప్రతి ఫైలూ తెరిచి లోపలి తేదీ చదవాలి. వేగమే కావాలంటే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో కస్టమైజ్ ట్యాబ్‌లో పిక్చర్స్ బదులు జనరల్ ఐటమ్స్ పెట్టి, డేట్ మాడిఫైడ్‌తో అమర్చుకోవాలి.

వాట్సాప్ ఎగ్జిఫ్‌ను తీసేస్తుంది. మిగిలేది ఫైలు పేరులోని ఎనిమిది అంకెలే: 20240211 అంటే 2024 ఫిబ్రవరి 11. అది ఫోటో వాట్సాప్‌లో చేతికందిన రోజు, తీసిన రోజు కాకపోవచ్చు. తాతగారి 1985 నాటి ఫోటోకూ అంతే. బొమ్మ పరిమాణం కూడా తగ్గుతుంది. బంధువుల దగ్గర అసలు ఫోటోలు అడిగేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమంటే తేదీ, నాణ్యత రెండూ నిలుస్తాయి. డూప్లికేట్లు ఏరే సాధనాలు వాడేటప్పుడూ ఇది గుర్తుండాలి. బొమ్మ పోలికను బట్టి ఏరే పద్ధతిలో కెమెరా ప్రతి, వాట్సాప్ ప్రతి ఒకటే అనిపిస్తాయి. చెరపాల్సింది ఏదో పిక్సెళ్ళ లెక్క చూసి నిర్ణయించాలి, పేరు చివర బ్రాకెట్‌లో 1 ఉందని కాదు.

గూగుల్ ఫోటోస్ నుంచి టేకౌట్ అనే గూగుల్ సేవ ద్వారా దించుకుంటే ప్రతి ఫోటో పక్కన జేసన్ అనే చిన్న ఫైలు వస్తుంది. యాప్‌లో చేత్తో సరిదిద్దిన తేదీలు, రాసుకున్న వివరణలు అందులో ఉంటాయి, ఫోటోలో కాదు. చెత్త ఫైళ్ళనుకుని వాటిని తీసేస్తే ఆ శ్రమంతా పోయినట్టే.

పెళ్ళి ఆల్బమ్‌లో ఫోటోలకూ వీడియోలకూ సరిగ్గా అయిదున్నర గంటల తేడా కనిపిస్తే దానికీ కారణం ఉంది. ఎగ్జిఫ్‌లో స్థానిక సమయం రాస్తారు, ఎంపీ4 వీడియోల్లో సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం రాస్తారు. ఆ తేడాను పట్టించుకోని ప్రోగ్రాములో ఉదయం ఆరు గంటల ముహూర్తం వీడియో అర్ధరాత్రి పన్నెండున్నరకు జరిగినట్టు వస్తుంది. డాలస్ నుంచి తెచ్చిన కెమెరా గడియారం మార్చకుండా ఇక్కడ ఫోటోలు తీస్తే తేడా వేసవిలో పదిన్నర గంటలు, శీతాకాలంలో పదకొండున్నర. విండోస్ ప్రాపర్టీస్‌లో అన్నింటినీ ఎంచుకుని తేదీ మారిస్తే అన్నింటికీ ఒకే సమయం పడి వరుస పూర్తిగా చెడిపోతుంది. అన్నింటినీ సమానంగా ముందుకు జరపాలి. డిజికామ్ అనే ఫోటోల ప్రోగ్రాములోని టైమ్ అడ్జస్ట్, ఎగ్జిఫ్‌టూల్ అనే సాధనం ఆ పని చేస్తాయి. పది ఫోటోల నకళ్ళ మీద చూసుకుని తర్వాత మొత్తానికి చేయాలి.

ఫైలే చెడినప్పుడు

చిన్న బొమ్మ బాగుంది, తెరిస్తే కింది సగం బూడిద రంగు. కాపీ పూర్తి కాకముందే పెన్‌డ్రైవ్ లాగేస్తే ఇలా అవుతుంది. చిన్న బొమ్మ ఎగ్జిఫ్ భాగంలో, అంటే ఫైలు మొదట్లోనే విడిగా ఉంటుంది కాబట్టి అది బతికింది. మిగతా సగం ఈ ఫైల్‌లో లేదు, ఏ రిపేర్ సాఫ్ట్‌వేరూ దాన్ని పుట్టించలేదు. మెమరీ కార్డు ఇంకా ఫార్మాట్ చేయకపోతే అక్కడి నుంచి మళ్ళీ తెచ్చుకోవాలి.

సైజు సరిగ్గా ఉండి అసలు తెరుచుకోని ఫైళ్ళ నకలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడవచ్చు. మంచి జేపీజీ అయితే పిచ్చి గీతల మధ్య మొదటి వరుసలోనే ఎగ్జిఫ్ అనో జేఎఫ్‌ఐఎఫ్ అనో ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. అంతా ఖాళీగా ఉంటే లోపల సున్నాలే. కాపీ మధ్యలో కరెంటు పోతే ఇది జరుగుతుంది: విండోస్ డిస్కులో ఫైళ్ళను అమర్చే పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైలు పేరు, సైజు భద్రంగా రాసుకుంటుంది, అసలు డేటా డిస్కుకు చేరిందన్న హామీ మాత్రం ఇవ్వదు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ నొక్కకుండా మూసేయాలి.

కొన్ని వందల రూపాయలకే 2 టీబీ అంటూ అమ్మే పెన్‌డ్రైవ్‌లలో నిజంగా ఉండేది అందులో చిన్న భాగమే. కంప్యూటర్‌కు మాత్రం 2 టీబీ అని చెబుతుంది. కాపీ ఎర్రర్ లేకుండా అయిపోతుంది, మొదట పెట్టిన ఫోటోలు తెరుచుకుంటాయి, తర్వాతివి తెరుచుకోవు. కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాధనంతో నిండా రాయించి చదివిస్తే గుట్టు బయటపడుతుంది. స్టూడియోవాళ్ళిచ్చిన పెద్ద వీడియో మాత్రమే ఎక్కకపోతే అది మోసం కాదు, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. ఖాళీ చేసి ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయాలి.

కాపీ సరిగ్గా అయిందో లేదో చూసేటప్పుడు రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో ఫైళ్ళ సంఖ్యనూ బైట్లలో సైజునూ పోల్చాలి. సైజ్ ఆన్ డిస్క్ అన్న అంకె వేర్వేరు డిస్కుల్లో వేర్వేరుగానే ఉంటుంది, దాన్ని చూసి బెంగపడనక్కర్లేదు.

డిస్కు టకటకమని చప్పుడు చేస్తున్నా, ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతున్నా డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చెడిన చోట్ల లెక్క చెప్పే 05, సీ5, సీ6 వరుసలు చూడాలి. వాటిలో సున్నా కాని అంకెలు, ముఖ్యంగా రోజురోజుకీ పెరిగే అంకెలు ఉంటే చెక్‌డిస్క్ నడపకూడదు. పూర్తి తనిఖీలో అది చెడిన డిస్కును మొదటి నుంచి చివరి దాకా చదివించి మిగిలిన ప్రాణం తీస్తుంది. ముందు ఫోటోలు బయటికి రావాలి, అతి ముఖ్యమైన ఫోల్డర్ మొదట. విండోస్‌లోని రోబోకాపీ అనే కాపీ సాధనం వాడితే మళ్ళీ ప్రయత్నించే సంఖ్యను, ఆగే సమయాన్ని 1కి తగ్గించి తీరాలి. ఏమీ చెప్పకపోతే అది ఒక్కో చెడ్డ ఫైలు దగ్గర 30 సెకన్లకోసారి పది లక్షలసార్లు ప్రయత్నిస్తుంది.

డిస్కును వాడే ముందు ఫార్మాట్ చేయాలి అని విండోస్ నుంచి ప్రశ్న వస్తే సమాధానం క్యాన్సిల్. నిజంగా చెరిగిపోయిన ఫోటోలకైనా, ఇలాంటి డిస్కుకైనా ఫోటోరెక్ మంచి సాధనం. దొరికినవాటిని వేరే డిస్కులోనే దించాలి. పేర్లు, ఫోల్డర్లు రావు, ఎగ్జిఫ్ తేదీలు వస్తాయి, వాటినిబట్టి ఎగ్జిఫ్‌టూల్‌తో మళ్ళీ పేర్లు పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డీలో చెరిపినవాటి మీద ఆశ తక్కువ. ట్రిమ్ అనే ఏర్పాటు ఖాళీ అయిన చోటును వెంటనే తుడిచేయమని చెబుతుంది.

తెలుగులో పెట్టిన పేర్లు

విండోస్‌లో ఫోల్డర్లకు తెలుగు పేర్లు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. చిక్కు వెతుకులాటలో వస్తుంది. పెళ్ళి అని ఒకరు, పెళ్లి అని ఒకరు రాస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు ఫోల్డర్లు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి చేరుస్తాయి. అప్పుడు ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపిస్తాయి, ఒకటి ఖాళీ. పాత మ్యాక్ డిస్కుల నుంచి వచ్చినవాటిలో ఐత్వం రెండు ముక్కలుగా విడిపోయి ఉంటుంది, పైకి తేడా తెలియదు. కొత్తగా టైప్ చేయకుండా ఒక పేరును కాపీ చేసి రెండోదానికి అతికించబోతే నిజం బయటపడుతుంది: అప్పటిదాకా వేరు అయినవి ఒకటైపోతాయి కాబట్టి, రెండింటినీ కలపాలా అని విండోస్ అడుగుతుంది.

పొడవు లెక్క కూడా కంటికి అందదు. శ్రీనివాస్ అన్న పేరు చూడటానికి నాలుగు అక్షరాలు, కంప్యూటర్ లెక్కలో పది. చిరునామా మొత్తం 260 దాటితే విండోస్‌లో చాలా ప్రోగ్రాములు ఆ ఫోటోను తెరవవు, కాపీ చేయవు. ఇంట్లో లైనక్స్ మీద నడిచే నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె ఉంటే పరిమితి ఇంకా తక్కువ, ఒక్కో పేరుకు 255 బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి గనుక 85 గుర్తులతో సరి. బ్యాకప్ అంతా అయ్యి రెండు మూడు ఫైళ్ళే మిగిలిపోతే ముందు చూడాల్సింది వాటి పేర్ల పొడవు. 2024-02-11 అని తేదీ ముందు పెట్టి ఆ తర్వాత ఒక్క తెలుగు మాట రాసుకుంటే ఫోల్డర్లు వరుసలోనూ ఉంటాయి, హద్దులోనూ ఉంటాయి.